ఎర్రటి నాచా? ఎర్రనాచా?

సందేహం: మా బడిలో తెలుగు పిల్లల కోసం సముద్రపు మొక్కల ప్రదర్శన పెడుతున్నాం. బ్రిటన్ రాతితీరంలో సేకరించి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) దాచిన హిల్డెన్‌బ్రాండియా రూబ్రా అనే నాచు ఫొటో ఒకటి దొరికింది. దాని కింద ‘ఎర్రటి పెచ్చు నాచు. రాతితీరంలో సేకరించబడినది’ అని రాశాను. ‘ఫొటోలో గోధుమరంగులో ఉంటే ఎర్రటి అని ఎలా రాస్తారు?’ అని తోటి మాస్టారు అడిగారు. ఎలా రాయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, బరంపురం (ఒడిశా)

సమాధానం: మాస్టారు అడిగింది సబబే. అయితే తీసెయ్యవలసింది ఎరుపును కాదు, ‘టి’ని.

‘ఎర్రటి’ అంటే కంటికి ఎర్రగా కనబడేది. ఎర్రటి చీర వెలిసిపోతే దాన్ని ఇక ఎర్రటి చీర అనం. ‘ఎర్ర’ అలా కాదు. ఎర్ర చీర అన్నప్పుడు రంగు చెబుతుంది, ఎర్రచందనం అన్నప్పుడు జాతి చెబుతుంది. దుంగ పైన నల్లబడినా అది ఎర్రచందనమే. తెల్లజిల్లేడు ఆకు తెల్లగా లేదని ఎవరూ పేరు మార్చరు. మీ నమూనాకు కావలసింది ఈ రెండో ‘ఎర్ర’. కలిపి ‘ఎర్రనాచు’ అని రాయండి.

ఈ తరగతి నాచులకు ఎరుపునిచ్చేది ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం. వాటిలోనూ పత్రహరితం ఉంటుంది, కానీ దాన్ని ఈ ఎరుపు కమ్మేస్తుంది. వెలుతురు తగిలితే ఈ వర్ణకం చెడుతుంది కాబట్టి ఏళ్ల తరబడి దాచిన నమూనాలో తీరం మీది రంగు కోసం వెతకకూడదు. పైగా హిల్డెన్‌బ్రాండియా బతికున్నప్పుడు కూడా ఒక్కోచోట గోధుమ కలిసిన ఎరుపులోనే ఉంటుంది. రూబ్రా అన్న లాటిన్ మాటకు అర్థం ఎరుపే గనక మీ పేరు దానికీ సరిపోతుంది.

ఇక ‘పెచ్చు’. నాకు ఎక్కువ పట్టింపు ఇక్కడే. పెచ్చులు ఊడతాయి, రాలతాయి. ఊడి వచ్చేదాన్నే మనం పెచ్చు అంటాం. ఈ నాచు ఊడదు. కింది భాగమంతా రాతికి అతుక్కుని, పల్చని పొరలా పరుచుకుంటుంది. గోటితో గీకినా లేవదు. మామూలు నాచును నీళ్లలో తేల్చి కాగితం మీదికి ఎత్తి అద్దుతారు. దీన్ని అలా ఎత్తడం కుదరదు, ఉలి పెట్టి రాతిముక్కతో సహా చెక్కి తేవలసిందే. అందుకే హెర్బేరియంలో చాలాసార్లు ఆ రాతిముక్కే నమూనా. మీ ఫొటోను మళ్లీ చూడండి, రాయి కూడా కనబడవచ్చు.

దీనికి తెలుగులో సిద్ధంగా ఉన్న క్రియ ‘పట్టు’. ఇనుముకు తుప్పు పడుతుంది, రాగిచెంబుకు చిలుము పడుతుంది, మెట్లకు పాచి పడుతుంది. పల్చగా పరుచుకోవడం, వదలకపోవడం రెండూ ఆ ఒక్క క్రియలో ఉన్నాయి. కనక ‘రాతికి పట్టిన ఎర్రనాచు’ అనండి. ‘పాచి’ అనే ఎందుకు రాయకూడదంటే, ఆ మాట వినగానే పిల్లలకు కాలు జారే పచ్చటి జిగురు గుర్తుకొస్తుంది.

‘సేకరించబడినది’ వద్దు. పాత వ్యాకరణం ప్రకారమైతే ‘సేకరింపబడినది’ అనాలి, కానీ అదీ అక్కర్లేదు. ‘బ్రిటన్ రాతితీరంలో సేకరించినది’ అంటే చాలు. ఎవరు సేకరించారో చెప్పకపోయినా తెలుగు వాక్యానికి లోటు రాదు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీకు దూరం కాదు. ఆ పక్క ఊళ్ల పిల్లలకు పెట్టే అట్ట మీద ‘బడినది’ చూడడం నాకు కష్టంగా ఉంటుంది.

నాచుకు సంస్కృతం నుంచి వచ్చిన ‘శైవలం’ అన్న మాటను మాత్రం పూర్తిగా వదలకండి. మీ పిల్లలు ఒడియాలో ‘శైబాళ’ అని చదువుతారు. పెద్ద అక్షరాల్లో ‘రాతికి పట్టిన ఎర్రనాచు’ అని, దాని కింద చిన్నగా ‘ఎరుపు శైవలం’ అని పెడితే రెండు భాషల్లో నేర్చిందీ వాళ్లకు ఒకచోట కలుస్తుంది.