దసరాకు చిక్కుడు తీగ పీకకండి, అనంతపురం మిద్దె తోటకు అసలు కాలం ఇప్పుడే

"మాది అనంతపురం. జూన్‌లో మిద్దె మీద వేసిన మొక్కలు సగం పోయాయి. చిక్కుడు తీగకు ఆకులే తప్ప పూత లేదు. దసరాకు అన్నీ పీకేసి మళ్లీ వేయాలా, వచ్చే వేసవి దాకా ఆగాలా?" అని అడిగారు. వేసవి మాట మర్చిపోండి. మన ఊళ్లో కూరగాయలకు సంవత్సరం మొదలయ్యేదే దసరా దగ్గర. చిక్కుడు తీగను మాత్రం ముట్టుకోవద్దు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మా ఎదురింటి వదిన వాళ్ల తీగ వెంట్రుకవాసిలో తప్పించుకుంది. నీలం డ్రమ్ములో వేసిన చిక్కుడు మెట్ల రెయిలింగు పట్టుకుని నీళ్ల ట్యాంకు దాకా అల్లుకుంది. శ్రావణం పోయింది, వినాయక చవితి పోయింది, ఒక్క పువ్వు లేదు. ఇంట్లో అందరూ దాన్ని గొడ్డు తీగ అనడం మొదలుపెట్టారు. ఆయుధపూజకు ఇల్లు సర్దుతూ వాళ్లాయన కొడవలి పట్టుకుని మెట్లెక్కాడు. మా అత్తమ్మ అప్పుడు మిద్దె మీద శనక్కాయ బుడ్డలు ఎండబెడుతోంది. "నాయనా, ఆగు, చెయ్యి పెట్టొద్దు" అని అక్కడి నుంచే కేకేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లింటికి వెళ్లింది. తీగ కొన దగ్గరికి లాగి, ఆకు పక్కకు వంచి, "ఇట్లా చూడు పాపా" అని వదినకు చూపించింది. ఆకు పుట్టే గణుపులోంచి సన్నటి కాడ ఒకటి బయటికి వస్తోంది, దాని చుట్టూ సజ్జగింజలంత మొగ్గలు. అదొక్కటే కాదు, కిందికి ప్రతి గణుపులోనూ ఉన్నాయి. "నాకు తెలియలేదు పెద్దమ్మా" అంటూ వదిన కొడవలి లాక్కుని లోపల పెట్టేసింది. కార్తీక పున్నమికల్లా తీగంతా ఊదా పూలు. భోగి రోజు సజ్జరొట్టెల్లోకి వాళ్లింట్లోనూ మా ఇంట్లోనూ ఆ చిక్కుళ్ల కూరే.

ఇందులో మహిమ ఏమీ లేదు. మన నాటు చిక్కుడు రాత్రి పొడుగైతేనే పూస్తుంది. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి, అక్కడి నుంచి పగటి కంటే రాత్రి పొడుగవుతుంది. జూన్‌లో వేసినా ఆగస్టులో వేసినా పూతకు వచ్చేది ఆ తర్వాతే. అనపగింజల అనపకాయదీ (సొరకాయ కాదు) ఇదే దారి. గోంగూర కూడా ఈ రోజుల్లోనే పూతకు వచ్చి ఆకు ముదిరిపోతుంది. అది తెగులు కాదు. ఒక మొక్కను విత్తనానికి వదిలేసి మిగతావి కోసేయండి. ఏ కాలంలోనైనా కాసే చిక్కుడు కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి రకాలు ఉన్నాయి, వాటికి రాత్రి పొడుగుతో పని లేదు. రుచికి మాత్రం నా ఓటు తీగ చిక్కుడుకే.

ఇప్పుడు ఆ తీగకు ఎరువు కుమ్మరించకండి. పెంట ఎక్కువైతే మళ్లీ ఆకే వస్తుంది. చలి మొదలయ్యాక పేనుబంక పడుతుంది, తీగ వెంట చీమలు బారులు కట్టాయంటే కొనల్లో అది చేరినట్టే. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

మీ మొక్కలు సగం పోయాయన్నారు కదా, నన్నడిగితే తప్పు మీది కాదు, అందరూ చూసే మిద్దె తోట వీడియోలది. వాటిలో చూపించే పట్టికలు వేరే ఊళ్లకు తయారైనవి. జూన్ రాగానే అన్నీ వేసేయమంటారు. మనకు సాలంతా కలిపి పడేది 550 మి.మీ. దగ్గర, అందులోనూ ఎక్కువ సెప్టెంబరులో. జూన్, జూలైలలో ఇక్కడ గాలి తప్ప వానేది? ఆ గాలికి కుండీలో తడి పూటకే ఆరిపోతుంది. దానికి తోడు అమ్మేవాళ్లు కొబ్బరి పొట్టు ఇటుకలు, రంగు సంచులు, పది రకాల విత్తనాలు కలిపి ఒక పెట్టెలో పెట్టి వేలకు వేలు గుంజుతున్నారు. మన ఎర్రమట్టి, పాత పెంట, గుప్పెడు వేపపిండి, మట్టి మరీ బిగుసుకుపోతే కొంచెం ఇసుక. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. శనక్కాయ పొట్టు మన జిల్లాలో దొరకని చోటుందా? దాన్ని పైన రెండంగుళాల మందం పరవండి, నీళ్లు బాగా కలిసొస్తాయి.

పాత కుండీల్లో మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తుందా? అది బోరు నీళ్ల ఉప్పు. ఎండాకాలమంతా పోసిన నీళ్లు ఆవిరై అది మిగిలింది. ఈ పొర ఉన్న మట్టిలో గింజ సరిగా మొలవదు. ముందు పైన అంగుళం మట్టి గీకి పారేయండి. కుండీ అడుగు రంధ్రాల్లో వేళ్లు అడ్డుపడి ఉంటాయి, పుల్లతో పొడిచి తెరవండి. తర్వాత హస్త, చిత్త కార్తెల (సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మూడో వారం దాకా) వానలకు వాటిని ఆరుబయట వదిలేయండి. వాన నీళ్లు బాగా దిగితే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. తుఫాను వాన పడి కుండీలో నీళ్లు నిలిస్తే మాత్రం వేళ్లు కుళ్లుతాయి, అందుకే రంధ్రాల సంగతి ముందు చూడమంటున్నా.

ఎవరూ చెప్పని పని ఇంకొకటి ఉంది. ఆగస్టు దాకా సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఇప్పుడు దక్షిణానికి వాలుతున్నాడు. మూడడుగుల పిట్టగోడ ఉంటే డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా రెండడుగులకు పైగా నీడ పడుతుంది. దక్షిణం గోడకు ఆనించి పెట్టిన కుండీలకు చలికాలమంతా ఎండ అందదు. వాటిని ఇప్పుడే ఉత్తరం వైపుకు జరపండి. ఎండాకాలంలో కట్టిన పచ్చ నెట్ కూడా విప్పి మడిచి పెట్టేయండి. ఏడాది పొడవునా దాన్ని అలాగే ఉంచి, టమాటాలు కాయట్లేదని ఫోన్ చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక వేయాల్సినవి. ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్ నేరుగా గింజే వేయాలి, నారు పోసి మార్చితే గడ్డ వంకర్లు పోతుంది. పాలకూర, చుక్కకూర, మెంతికూర ఈ కాలంలో ఎప్పుడు చల్లినా సరే. కొత్తిమీరకు ధనియాలను చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి చల్లండి. ఎండాకాలంలో నాలుగాకులకే పూతకెళ్లే కొత్తిమీర ఈ కాలంలో గుబురుగా వస్తుంది. బీర, సొర తీగలు కాపు తగ్గిపోతే మొహమాటం లేకుండా తీసేయండి, చలిలో అవి సాగవు. పుచ్చిపోయిన కాయలను ఎరువు గుంతలో వేయకండి, వాటిలో ఉన్న పండుఈగ పురుగులు మళ్లీ మీ తీగల మీదికే వస్తాయి.

టమాటా, వంకాయ నారు ఇప్పుడే పోయండి. ట్రే అయినా పాత టబ్బు అయినా వాన నేరుగా పడని చోట పెట్టండి, లేకుంటే నారు మొదట్లో కుళ్లి వరసగా పడిపోతుంది. నాలుగు వారాల నారు స్వాతి కార్తెలో (అక్టోబరు చివరి వారం నుంచి) కుండీల్లోకి మార్చితే సరిగ్గా రాత్రులు చల్లబడేసరికి పూతకొస్తుంది. రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది, ఏప్రిల్‌లో మీరు ఎన్ని మందులు కొట్టినా నిలవదు. నాటు విత్తనం కావాలంటే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో ఒకసారి అడిగి చూడండి. మిరప నారుకు ఇంకో రెండు వారాలు ఎక్కువ పడుతుంది, కాబట్టి అన్నిటికంటే ముందు అదే పోయండి.