తొలి వాన రోజు కాలువ దగ్గరుండు

బరంపురం

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

క్యాంపస్ ఎస్టేట్ సెక్షన్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పగానే నాకు మన క్యాంపస్ చెరువే గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు ఆ కాలువల వెంట తిరిగినవాణ్ణి కదా.

హాస్టళ్ల మురుగు ఒక దారి, వాన నీళ్లది ఇంకో దారి. వాన కాలువకి శుద్ధి చేసే ప్లాంటు ఏదీ లేదు. రోడ్డు మీద, డాబాల మీద ఏది పడి ఉంటే అది నేరుగా చెరువులోకి పోతుంది. ఎకరం స్థలంలో 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు లక్ష లీటర్లు. మురికంతా చాలావరకు మొదట కొట్టుకొచ్చే నీళ్లలోనే ఉంటుంది. అందుకే జూన్‌లో తొలి వాన పడే రోజు ఆఫీసులో కూర్చోకు. గొడుగు పట్టుకుని గ్యారేజీ వెనక, మూత తీసి కాలువలోకి చూసే చాంబర్ దగ్గర నిలబడు. నీళ్ల మీద నెమలి పింఛంలా రంగులు తేలితే అది బళ్ల ఆయిల్. తెల్లటి నురగ వస్తే మెస్సులో గిన్నెలు కడిగిన నీళ్లు ఎవరో ఇటు తిప్పారన్నమాట. ఎర్రగా బురద నీళ్లు వస్తే కొత్త బిల్డింగ్ దగ్గర మట్టి గుట్ట మీద టార్పాలిన్ కప్పలేదు. ఆ గంటలో తెలిసినంత ఏ ఫైల్లోనూ తెలియదు.

పొగ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. అక్కడ తప్పు చేసింది నేను. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి చెట్లన్నీ దారులకి అడ్డంగా పడి ఉన్నాయి. ఎలాగోలా దారి తెరవాలన్న టెన్షన్‌లో కొమ్మా ఆకూ చెరువు గట్టు మీద పోగేసి కాల్చెయ్యమన్నాను. రోజుల తరబడి పొగ. ఉబ్బసం ఉన్న ఒక అమ్మాయి ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడి, "కిటికీలు మూసినా వస్తోంది సార్" అంది. నాకు జవాబు రాలేదు. నెలాఖరు వానలకి ఆ బూడిదంతా చెరువులో కలిసింది. నీళ్లు నల్లబడ్డాయి, చేపలు వెల్లకిలా తేలాయి. గాలి వేరు, నీళ్లు వేరు అనుకోవడం ఆ రోజే మానేశాను.

బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. కానీ ఆ మాట చెప్పి ఊడ్చేవాళ్లని బెదిరించకు. వాళ్లు ఎందుకు అంటిస్తున్నారో అడుగు. పోగు ఎత్తడానికి ట్రాక్టర్ రాదు, సూపర్‌వైజర్ వచ్చేసరికి రోడ్డు శుభ్రంగా ఉండాలి. పాపం వాళ్లేం చేస్తారు? ట్రాక్టర్‌ని రోజూ పొద్దున్నే రప్పించు, సగం పొగ ఆగిపోతుంది. ప్రతి బ్లాకు వెనక గాలి ఆడేలా ఇటుకల తొట్టి కట్టించు. ఆకుల మీద పేడనీళ్లు చల్లి, తడి ఆరకుండా చూస్తూ, అప్పుడప్పుడు తిరగేయిస్తే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. సరుగుడు ఆకు తొందరగా మాగదు, దాన్ని మొక్కల మొదళ్లలో పరిపించు. వాళ్లతో ఒడియాలోనే మాట్లాడు, తప్పులొచ్చినా పర్వాలేదు. కాలువ ఎక్కడ తేలుతుందో చెరువు దాకా తీసుకెళ్లి చూపించు. చూసినవాళ్లు అందులోకి చెత్త తొయ్యరు.

ల్యాబుల్లో యాసిడ్లు సింకులో పొయ్యకుండా క్యాన్లలో పట్టి ఉంచుతున్నారా అని నెలకోసారి వెళ్లి అడుగు. గ్యారేజీలో, జనరేటర్లలో తీసిన పాత ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇప్పించి రసీదు తీసుకో.

కాలువల్లో పూడిక మే నెలలోనే తీయించాలి. తీసిన మట్టి గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి పోతుంది, అదే రోజు ఎత్తించెయ్యి.

కాలువల పటం నేను చేత్తో గీసుకున్నది ట్రంకు పెట్టెలో ఉంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, అత్తయ్య చేపల పులుసు పెడతానంటోంది. లైబ్రరీ వెనక చాంబర్ పటంలో లేదు, తర్వాత కట్టారు. దాని మూత బరువు, ఎత్తడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకో.

మీ మావయ్య