డ్రాయింగ్ టీచర్ కావాలంటే ఏం చదవాలి? బీఎఫ్‌ఏ చదివి బడిలో చేరిన నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, చిన్నప్పట్నుంచీ బొమ్మలేస్తున్నారు, డ్రాయింగ్ టీచర్ కావాలని ఉంది, దానికి యూనివర్సిటీలో ఏం చదవాలి? నాన్నగారేమో "బొమ్మలేసుకుంటూ బతుకుతావా" అంటున్నారు. ఆ మాట మా ఇంట్లోనూ విన్నాను, కాకపోతే మా నాన్న అనలేదు, మేనమామ అన్నాడు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, అంటే చిత్రకళ, శిల్పం లాంటి కళల్లో డిగ్రీ) పెయింటింగ్ చదివి, తొమ్మిదేళ్లుగా బడుల్లో ఆర్ట్ టీచర్‌గా చేస్తున్నాను. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. బీఎఫ్‌ఏలో బొమ్మలేయడం బాగా నేర్పుతారు కానీ, పిల్లలకి ఎలా నేర్పాలో ఆ నాలుగేళ్లలో నాకెవరూ చెప్పలేదు. అది మీరే పక్కన నేర్చుకోవాలి, అదీ చదువుకునే రోజుల్లోనే. నేను ఆలస్యంగా మేలుకున్నాను, అందుకే ఇంత పొడుగు జవాబు.

చదువు సంగతి. మామూలు దారి నాలుగేళ్ల బీఎఫ్‌ఏ. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గరున్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫోటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. యూనివర్సిటీగా మారింది 2008లో, కాలేజీ మాత్రం 1940 నాటిది. వాళ్ల ప్రవేశ పరీక్ష పేరు ఎఫ్‌ఏడీఈఈ. ఆంధ్రా వైపు విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, కడపలో 2020లో పెట్టిన వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. అక్కడి ఎంట్రన్స్ ఏడీసెట్. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ఎంఎఫ్‌ఏ, అంటే ఇదే కళల్లో పీజీ ఉంది, అది డిగ్రీ తర్వాతి మాట. టీచింగే లక్ష్యం అని ఇప్పటికే గట్టిగా అనుకుంటే ఢిల్లీలో జామియా మిలియాను కూడా చూడండి. అక్కడ బీఎఫ్‌ఏలో ఆర్ట్ ఎడ్యుకేషన్ అనే శాఖే వేరుగా ఉంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు నాకీ సంగతి తెలియదు. తెలిసినా మా ఇంట్లో ఢిల్లీ పంపేవాళ్లు కాదనుకోండి.

ఎంట్రన్స్‌లో నాకు మొదటిసారి సీటు రాలేదు. ఎందుకంటే ఇంటర్ రెండేళ్లూ నేను చేసిన ప్రాక్టీసంతా సినిమా హీరోల ఫోటోలు చూసి పోర్ట్రెయిట్లు వేయడమే. గళ్లు గీసుకుని అచ్చుగుద్దినట్టు దింపేదాన్ని, ఊళ్లో అందరూ ఆహా అనేవాళ్లు. మెమరీ డ్రాయింగ్ పేపర్లో కూరగాయల అంగడి వేయమన్నారు. ఎదురుగా ఫోటో లేదు. గంప ముందు గొంతుక్కూర్చున్న మనిషికి మోకాలు ఎక్కడికొస్తుందో, మోచెయ్యి దేనిమీద ఆనుతుందో తెలియలేదు. చివరికి కాళ్లన్నీ చీర కుచ్చిళ్ల కింద దాచేశాను. అంగడి మొత్తంలో ఒక్కరికీ పాదాలు లేవు! ఆ తర్వాత ఏడాదంతా ఫోన్ పక్కన పెట్టి, ఇరవై రూపాయల తెల్ల నోట్‌బుక్కు పట్టుకుని సిద్దిపేట మార్కెట్లో, బస్టాండులో కూర్చున్నాను. బస్సు కోసం నిలబడ్డ మనిషి బరువంతా ఒక కాలి మీదే వేస్తాడని అప్పుడు కనిపెట్టాను. రెండోసారి సీటొచ్చింది. మీరూ ఫోటోలు దించడం ఇవాళే ఆపేయండి, ఈ ఒక్క సలహా పాటించినా చాలు.

క్లాసుల గురించి రాస్తూ పోతే ఇది నవలవుతుంది. మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి: స్టిల్ లైఫ్ (ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేయడం), మట్టి పని, డిజైన్, అక్షరాలు రాయడం. ఆ తర్వాత ఎవరి శాఖ వాళ్లది. ఒక సారు నా రబ్బరు తీసి జేబులో వేసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయారు, సెమిస్టర్ అయ్యేదాకా తిరిగివ్వలేదు. పొద్దున ఆరింటికి సికింద్రాబాద్ స్టేషన్లో స్కెచింగ్‌కి వెళ్లేవాళ్లం. ఆడపిల్లలం ముగ్గురం కలిసే వెళ్లేవాళ్లం, మీరు అమ్మాయైతే ఈ జాగ్రత్త అవసరం. రంగుల ఖర్చు ఫీజుకన్నా ఎక్కువ బాధపెడుతుంది. ఆయిల్ కలర్ ట్యూబు కొన్న నెలలో మెస్ బిల్లు వెనకబడేది. సీనియర్ల దగ్గర సగం వాడిన ట్యూబులు, పాత కాన్వాస్ ఫ్రేములు అడిగి తీసుకోండి, మొహమాటపడకండి. తెలుగు మీడియం అయితే కళాచరిత్ర పేపరుకి కాస్త ముందునుంచే ఇంగ్లిష్ చదవడం అలవాటు చేసుకోండి. నేను మొదటి ఏడాది అందులోనే బొటాబొటిగా గట్టెక్కాను.

ఆ చరిత్ర చదువుతున్నప్పుడే ఒకటి గమనించాను. చిత్రకారుడు దామెర్ల రామారావు సంగతి చూడండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని పనితనం గుర్తించి, బొంబాయిలోని జేజే ఆర్ట్ స్కూలుకు పంపాడు. కూల్డ్రే స్వయంగా బొమ్మలేసేవాడు. అడివి బాపిరాజు కూడా ఆయన దగ్గర చదువుకున్నవాడే. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. ఇంకా దగ్గరికొస్తే, మన తెలంగాణ చిత్రకారులు తోట వైకుంఠం, లక్ష్మాగౌడ్ ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు. ఎవరి కథ తీసినా ఎక్కడో ఒక గురువు కనబడతాడు. ఆ గురువు ఏం చేశాడు, ఏం చేయకుండా ఊరుకున్నాడు అన్నది మాత్రం మా సిలబస్‌లో ఒక్క పేజీ కూడా లేదు.

అది లేకపోతే ఏమవుతుందో నా మొదటి ఉద్యోగంలో తెలిసింది. ఒక ప్రైవేటు బడి, ఐదో తరగతి, మీకు నచ్చిన జంతువు వేయండి అన్నాను. ఒక పిల్ల బర్రెను వేసింది. పొట్ట పెద్దగా, కళ్లు రెండూ ఒకే పక్కన, ఒక కొమ్ము పైకి, ఇంకోటి చెవి మీదుగా కిందికి వాలి ఉంది. నాలుగేళ్లు అనాటమీ చదివినదాన్ని కదా, చెయ్యి ఊరుకుంటుందా? పిల్ల చేతిలో పెన్సిల్ తీసుకుని ఆ వాలిన కొమ్ము చెరిపి, రెండోదానికి జోడీగా చక్కగా వంపు తిప్పి ఇచ్చాను. ఆ పిల్ల కాసేపు కాగితం చూసింది. "గట్లుంటే అది మా బర్రె ఎట్లయితది మేడం?" అంది. వాళ్ల బర్రెకు నిజంగానే ఒక కొమ్ము వాలి ఉంటుందట. కాగితం తిప్పి వెనకవైపు మళ్లీ వేయడం మొదలుపెట్టింది. ఈసారి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని వేసింది, నేను చూడకుండా.

బస్టాండులో ఏడాది కూర్చుని నేను కష్టపడి నేర్చుకున్న సంగతి, కళ్లతో చూసింది వేయడం, ఆ పిల్లకి అప్పటికే వచ్చు. దాన్ని చెరిపేసింది నేను. అప్పట్నుంచి పిల్లల కాగితం మీద గీత పెట్టను. చెప్పాల్సింది ఉంటే నా నోట్‌బుక్కులో వేసి చూపిస్తాను, లేదా "తోక ఎక్కడ మొదలవుతుంది, రేపు చూసొచ్చి చెప్పు" అంటాను. ఇంత చిన్న విషయం ఉద్యోగంలో చేరాక, ఒక పిల్ల చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. అందుకే బీఎఫ్‌ఏ రెండో ఏడాది నుంచే వారానికో రోజు మీ వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. పాత క్యాలెండర్ల వెనకవైపు చాలు, కాగితం కొనక్కర్లేదు. నలుగురు పిల్లలు గంటసేపు కదలకుండా కూర్చున్నారంటే మీరు టీచింగ్‌కి పనికొస్తారని అర్థం. వాళ్లు పారిపోతే ఎందుకు పారిపోయారో ఆలోచించుకోవచ్చు, ఉద్యోగం ఊడదు.

ఇక కాగితాల సంగతి, ఉద్యోగాలు వీటితోనే ముడిపడి ఉంటాయి. మన రెండు రాష్ట్రాల్లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు, ఆపైన వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ ఎప్పట్నుంచో ఉన్నాయి. బీఎఫ్‌ఏ ఉంది కదా ఇవెందుకని నేను తీసిపారేశాను. తర్వాత ఒక నోటిఫికేషన్లో అవే అడిగితే, మొదటి ఉద్యోగం చేస్తూ లోయర్ రాసి, ఎండల్లో టీటీసీకి వెళ్లాను. పక్క బెంచీలో నాకంటే బాగా చిన్న పిల్లలు! కాకపోతే బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పి చూపించమన్నది నన్ను అక్కడే మొదటిసారి. మీరు డిగ్రీలో ఉండగానే వేసవి సెలవుల్లో అవి కానిచ్చేయండి. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ ఎడ్యుకేషన్ టీజీటీ (హైస్కూలు స్థాయి టీచర్) పోస్టుకి ఐదేళ్ల డ్రాయింగ్ డిప్లొమా లేదా దానికి సమానమైన డిగ్రీ అడుగుతూ వచ్చారు, హిందీ, ఇంగ్లిష్ రెండింటిలో పని నడిపేంత పరిచయం కూడా ఉండాలన్నారు. నవోదయల్లో, గురుకులాల్లో కూడా ఆర్ట్ టీచర్ పోస్టులుంటాయి. అర్హతలు మారుతుంటాయి కాబట్టి ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా. ఆ ఏటి నోటిఫికేషన్ మీరే చదువుకోండి. కాలేజీలో చెప్పాలంటే ఎంఎఫ్‌ఏ, ఆపైన యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ సబ్జెక్టు.

జీతం దాచిపెట్టను. ప్రైవేటులో నాకు మొదట ఇచ్చింది నెలకి పన్నెండు వేలు. పైగా బడి అంటే డ్రాయింగ్ పీరియడ్‌లో డ్రాయింగే జరుగుతుందని అనుకోకండి. పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారు వచ్చి "ఈ పీరియడ్ నాకు ఇవ్వండి మేడం, పోర్షన్ కాలేదు" అంటాడు. వార్షికోత్సవం వస్తే పదిహేను రోజులు థర్మాకోల్ కోయడమే పని. సైన్స్ ఫెయిర్ చార్టులు, చీఫ్ గెస్టుకి స్వాగతం బోర్డు, ప్రిన్సిపాల్ గారి అబ్బాయి ప్రాజెక్టు కూడా మనకే. సీబీఎస్‌ఈ బడుల్లో ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టులని, మిగతా సబ్జెక్టుల్ని కళతో కలిపి చేయించేవి, వచ్చాక మన అవసరం పెరిగింది, దాంతోపాటు జిగురు పని కూడా పెరిగింది. విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, వందమంది పైన పిల్లలుంటే, ఆర్ట్‌కి ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసుంది. ఉండాల్సింది పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరట. పార్ట్‌టైమ్ జీతంతో ఇల్లెలా గడుస్తుందో చట్టంలో రాయలేదు. నా మటుకు నేను మూడేళ్లకి బడి మారాక ఊపిరి పీల్చుకున్నాను, ఆదివారాలు ఇంటి దగ్గర క్లాసులు చెప్పాక ఇల్లు సాఫీగా నడిచింది.

మీ నాన్నగారితో వాదించొద్దు. మా నాన్న ఒప్పుకున్నది నా వాదన విని కాదు. రెండోసారి ఎంట్రన్స్‌కి వచ్చినప్పుడు నేను పరీక్ష రాస్తుంటే ఆయన కాలేజీ అంతా తిరిగారు. సీనియర్లు మట్టితో తల ఒకటి చేస్తుంటే గంటన్నర పక్కన నిలబడి చూశారట. బయటికొచ్చాక నన్ను పేపర్ ఎలా రాశావని అడగలేదు. "చెవి ఎంత కష్టమో తెలుసా? ఆ పిల్లగాడు మూడుసార్లు తీసి పెట్టిండు" అన్నారు. మీ నాన్నగారిని కూడా ఒకరోజు కాలేజీకి తీసుకెళ్లి, స్టూడియోలో పని జరుగుతున్నప్పుడు వదిలేయండి. టీటీసీ, ఎంట్రన్స్ ప్రాక్టీసు గురించి ఇంకేమైనా అడగాలంటే కింద అడగండి, బడి అయ్యాక రాత్రి జవాబిస్తాను.