టెక్ సందేహాలు: ఆరడుగుల అక్వేరియానికి ఏ క్యానిస్టర్ ఫిల్టర్?

ఈ వారం ఫోన్ బ్యాటరీలనూ వైఫై రూటర్లనూ పక్కన పెడదాం. పెద్ద అక్వేరియాల క్యానిస్టర్ ఫిల్టర్ల మీద, అంటే ట్యాంకు నీళ్లను పైపుతో లాగి, శుద్ధిచేసి తిరిగి పంపే మూత బిగించిన డబ్బాల మీద, వచ్చిన ప్రశ్నలు చాలానే పోగుపడ్డాయి. చేపల తొట్టికి ఇంత చర్చా అని కొందరికి అనిపించొచ్చు. ఫ్రిజ్ కంప్రెసర్ కూడా మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. ఈ మోటారు మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. అలాంటిదాన్ని మనం డబ్బా మీది ఒక్క అంకె చూసి కొనేస్తుంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

మా ట్యాంకు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. ఐదు ఆస్కార్లు, రెండు సక్కర్ చేపలు ఉన్నాయి. టాప్ ఫిల్టర్ సరిపోక వారం తిరక్కుండానే నీళ్లు మసకబారుతున్నాయి. గంటకు 2000 లీటర్ల సన్‌సన్ క్యానిస్టర్ చాలంటున్నాడు షాపతను. ఫ్లూవల్ ఎఫ్‌ఎక్స్6 తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు మా ఫ్రెండు. ఐహైమ్ పేరు కూడా విన్నాను. ఏది తీసుకోమంటారు? – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

ముందు మీ నీళ్ల లెక్క చూద్దాం. 6×2×2 అంటే 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 680 లీటర్లు. అంచు దాకా నింపరు, అడుగున గులకరాళ్లు కూడా ఉంటాయి కాబట్టి 600 లీటర్లు అనుకుందాం. ఈ నీళ్లన్నీ గంటకు కనీసం నాలుగుసార్లు ఫిల్టర్‌లోంచి తిరగాలన్నది చేపలు పెంచేవాళ్లు చెప్పుకునే మోటు లెక్క. ఆస్కార్లు ఎంత తింటాయో అంత పాడు చేస్తాయి. కాబట్టి మీరు ఆ లెక్కకు మరీ దిగువన ఉండకూడదు.

ఇక డబ్బా మీది అంకె. గంటకు ఇన్ని లీటర్లు అని పెద్దక్షరాల్లో వేసేది సాధారణంగా ఖాళీ పంపు సామర్థ్యం. లోపల స్పాంజ్, సిరామిక్ రింగులు పెట్టి, పైపులు బిగించి నడిపితే అంత రాదు. ఈ విషయంలో ఫ్లూవల్‌ను మెచ్చుకోవాలి, రెండు అంకెలూ ఇస్తుంది. ఎఫ్‌ఎక్స్6లో పంపు సామర్థ్యం గంటకు 3500 లీటర్లు, ఫిల్టర్‌లోంచి తిరిగేది 2130 లీటర్లు. ఎఫ్‌ఎక్స్4లో అవి 2650, 1700. అంటే పెద్ద అంకెలో 60 శాతం పైచిలుకు మాత్రమే చేతికొస్తోంది. స్పాంజ్‌కు మురికి పట్టేకొద్దీ అదీ తగ్గుతుంది. రెండో అంకె ఇవ్వని కంపెనీల విషయంలో కూడా 60 శాతమే అనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు.

ఆ లెక్కన షాపతను చెప్పిన 2000 లీటర్ల సన్‌సన్ హెచ్‌డబ్ల్యూ-304బి మీకు గంటకు 1200 లీటర్లు ఇస్తుందనుకోవాలి. అంటే మీ ట్యాంకు రెండుసార్లు తిరుగుతుంది. ఒక్కటి చాలదు, రెండు పెట్టాలి. రెండు కొన్నా ఎఫ్‌ఎక్స్6 కంటే చవకే కదా అంటారు. కొనేటప్పుడు చవకే, కరెంటు దగ్గరే తేడా వస్తుంది. 304బి ఒక్కోటి 55 వాట్లు. రెండూ కలిసి 110 వాట్లు, రోజంతా నడిస్తే నెలకు 79 యూనిట్లు. ఎఫ్‌ఎక్స్6 41 వాట్లు, నెలకు సుమారు 30 యూనిట్లు. ఏడాదికి దాదాపు 600 యూనిట్ల తేడా. ఇంట్లో ఏసీ కూడా ఉందంటే ఈ యూనిట్లు పడేది మీ బిల్లులో అన్నిటికంటే పై స్లాబులోనే. మీ రేటుతో గుణించి మూడు నాలుగేళ్లకు చూసుకోండి, మిగిలిందనుకున్న డబ్బులో ఎంత మిగిలిందో తెలుస్తుంది.

304బిలో 9 వాట్ల యూవీ బల్బు కూడా వస్తుంది. షాపుల్లో దాన్ని గొప్పగా చెబుతారు. నీళ్లు పచ్చగా మారితే అది బాగా పనిచేస్తుంది, నీళ్లలో తేలే నాచును చంపుతుంది. అద్దానికి పట్టిన నాచును, చేపల మురికిని అదేమీ చేయదు. మీ సమస్య మసక కాబట్టి ఆ బల్బు కోసం కొనకండి.

ఐహైమ్ క్లాసిక్ 600 సంగతి. పాతవాళ్లు దీన్ని 2217 అంటారు. డిజైన్ దశాబ్దాల నాటిది, ఇప్పటికీ అమ్ముతున్నారు. గంటకు 1000 లీటర్లు, 20 వాట్లు. పక్కన కూర్చున్నా నడుస్తోందో లేదో తెలియదు. కానీ సౌకర్యాలు మాత్రం అడక్కండి. లోపల ట్రేలు ఉండవు, మీడియా (నీళ్లను శుద్ధిచేసే స్పాంజ్, రింగులు) అంతా ఒకే డబ్బాలో పొరలుగా పేర్చాలి. నీళ్లు ఎక్కించే బటన్ కూడా లేదు, పైపులోంచి నోటితో లాగి సైఫన్ మొదలుపెట్టాలి. కంపెనీ 600 లీటర్ల దాకా సరిపోతుందంటుంది. చిన్న టెట్రాల గుంపుకైతే సరే, ఐదు ఆస్కార్లకు ఒక్కటే అంటే నేను ఒప్పుకోను.

మీరడగని పేరు ఒకటి చెబుతాను, ఓయాసే బయోమాస్టర్. దీని ప్రీఫిల్టర్, అంటే మురికిని ముందుగా పట్టే స్పాంజ్‌ల గొట్టం, విడిగా పైకి వచ్చేస్తుంది. డబ్బా మూత తీయకుండా, పైపులు విప్పకుండా ఆ గొట్టాన్ని లాగి, స్పాంజ్‌లు కడిగి, మళ్లీ దించేయొచ్చు. 600 మోడల్ గంటకు 1250 లీటర్లే కాబట్టి మీకు ఒక్కటి చాలదు. హీటర్ లోపలే ఉండే థర్మో రకం కూడా ఉంది గానీ, విజయవాడ ఎండలకు మీకు కావాల్సింది చల్లబరిచేది, వేడి చేసేది కాదు. నన్నడిగితే క్యానిస్టర్లలో అసలు తేడా ఈ కడిగే సౌలభ్యమే. కడగడం గొడవగా ఉంటే నెలకోసారి అనుకున్నది మూడు నెలలకు పోతుంది. మూడు నెలలు మూత తీయని ఎఫ్‌ఎక్స్6 కంటే నెలనెలా కడిగే మామూలు ఫిల్టర్ నయం.

ఒక్కటే కొనాలంటే ఎఫ్‌ఎక్స్6. మీ ట్యాంకు గంటకు మూడున్నర సార్లు తిరుగుతుంది, నాలుగుకు కాస్త తక్కువైనా పర్వాలేదు. అయితే నా ఓటు మాత్రం ఎఫ్‌ఎక్స్4కూ, దాని పక్కన ఐహైమ్ క్లాసిక్ 600కూ. రెండూ కలిపి 50 వాట్లే. ఒకటి మొరాయించినా రెండోది నడుస్తుంటుంది, కడిగేటప్పుడు వారం మార్చి వారం కడగొచ్చు. పెద్ద చేపలున్న ఇంట్లో ఒకే మోటారును నమ్ముకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు.

కొనేముందు స్టాండు లోపల టేపుతో కొలవండి. ఎఫ్‌ఎక్స్6 ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు, వెడల్పు 40. మూత పైకి లేపడానికి చోటు అదనం. స్టాండులో చోటు ధారాళంగా ఉండి, అద్దం పనివాడు తెలిసినవాడైతే సంప్ (ట్యాంకు కింద ఫిల్టర్‌గా పనిచేసే ఇంకో అద్దాల తొట్టి) కట్టించుకోవడం అన్నిటికంటే చవక. అది వేరే కథ.

క్యానిస్టర్ కడిగి బిగించిన ప్రతిసారీ అడుగున చుక్కలు చుక్కలుగా నీళ్లు. మూత పగుళ్లేమీ లేవు. కింద స్విచ్ బోర్డు ఉంది, టెన్షన్‌గా ఉంది. – విశాఖపట్నం

పదింటికి తొమ్మిదిసార్లు ఇది ఓ-రింగ్ పని. మూత చుట్టూ గాడిలో కూర్చునే ఆ నల్ల రబ్బరు రింగును వేలితో బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడండి. ఒక్క ఇసుక రేణువు, స్పాంజ్ పోగు, ఎండిన జిగురు అంటుకున్నా చాలు, అక్కడినుంచే కారుతుంది. రింగునూ గాడినీ తడిబట్టతో తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి పెట్టండి. వాజెలిన్, కొబ్బరినూనె వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మూతను తిన్నగా కూర్చోబెట్టి, ఎదురెదురు క్లిప్పులు జతగా వేయండి. ఒకవైపువన్నీ ముందు వేసేస్తే రెండోవైపు కాస్త లేచే ఉంటుంది.

స్విచ్ బోర్డు సంగతి ఇవాళే చూడండి. వైరు ప్లగ్ వైపు వెళ్లేముందు ప్లగ్ కంటే కిందికి ఒక వంపు వేలాడేలా ఉంచండి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్ దాకా పోదు. మీ ఇంట్లో 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. ట్యాంకులో చేయి పెట్టేముందు మోటార్లు, హీటర్ అన్నీ ఆపండి.

కొత్తగా కొన్న ఎఫ్‌ఎక్స్4 రోజుకు రెండుసార్లు దానంతటదే ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదలవుతోంది. మోటారు పోతోందా? – కరీంనగర్

లేదు, అది దాని అలవాటు. లోపల చేరిన గాలి బయటికి పోవడానికి ఎఫ్‌ఎక్స్ ఫిల్టర్లు ప్రతి 12 గంటలకోసారి పంపును కాసేపు ఆపుకుంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడూ అంతే, కొంచెంసేపు నడిచి, ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఆగింది కదా అని ప్లగ్ పీకి పెడితే ఆ వరుస మొదటికొస్తుంది. గంటకోసారి ఆగుతుంటే మాత్రం ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. పైపు బిగింపులు, నీళ్లు లాగే గొట్టం ట్యాంకు నీటిమట్టం కిందే ఉందో లేదో చూడండి.

ఫిల్టర్ లోపలి రింగులు, స్పాంజ్ కుళాయి కింద శుభ్రంగా కడిగి పెట్టాను. మూడోరోజుకు నీళ్లు తెల్లగా అయి రెండు చేపలు పోయాయి. మీడియా మంచిది కాదా? – హైదరాబాద్

మీడియా మంచిదే, కుళాయి నీళ్లే చేటు చేశాయి. చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా వస్తుంది. ఆ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది నీళ్లు మారిస్తే పోయేది. కృష్ణా నీళ్లయినా మంజీరా నీళ్లయినా మీ ఇంటికి క్లోరిన్ కలిపే వస్తాయి, ఆ క్లోరిన్ రింగుల మీది బ్యాక్టీరియానూ వదలదు. తళతళలాడేలా కడిగారంటే పనివాళ్లందర్నీ ఒక్కరోజే ఇంటికి పంపేసినట్టు.

ఇకమీదట ట్యాంకులోంచి ఒక బకెట్ నీళ్లు తీసి, రింగులను అందులోనే ముంచి మురికి వదిలేదాకా కదపండి చాలు. గోధుమరంగు మిగిలినా ఏం కాదు. మెత్తటి తెల్ల దూదిపొర ఒక్కటి మాత్రం పాడైతే పారేసి కొత్తది పెట్టండి. రింగులూ స్పాంజ్ రెండూ ఒకే రోజు కడగొద్దు. ప్రస్తుతానికి మేత తగ్గించి, రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు మరచిపోవద్దు. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొని సున్నా చూపించేదాకా ఇలాగే కొనసాగించండి.

బోరు నీళ్లు వాడేవాళ్లకు ఈ క్లోరిన్ బెడద లేదు గానీ సున్నం బెడద ఉంటుంది. ఇంపెల్లర్ (మోటారులో తిరుగుతూ నీళ్లను తోసే చిన్న చక్రం) మీద తెల్లగా పేరుకుంటే మోటారు గరగరమంటుంది. వెనిగర్‌లో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మధ్యలోని సిరామిక్ కడ్డీ సుద్దముక్కలా విరుగుతుంది, జాగ్రత్త.

వేసవిలో మా దగ్గర ఆరేడు గంటలు కరెంటు పోయింది. వచ్చాక ఫిల్టర్ నడిచింది, కానీ కుళ్లిన వాసన. గంటలో చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇన్వర్టర్ పెట్టాలా? – అనంతపురం

క్యానిస్టర్ మూత బిగించిన డబ్బా. నీళ్లు కదలకపోతే లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను కొన్ని గంటల్లోనే వాడేసుకుంటుంది. ఆ తర్వాత అదీ చస్తుంది, మురికీ కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి వచ్చిపడతాయి. గంటా రెండు గంటలైతే భయం లేదు. అంతకంటే ఎక్కువసేపు పోతే ప్లగ్ తీసేసి, వచ్చాక ముందు క్యానిస్టర్‌లోని నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంకు నీళ్లతో కడిగి, అప్పుడే నడపండి.

ఇన్వర్టర్ పెడితే మంచిదే. 30, 40 వాట్ల మోటారు అంటే దానికి పెద్ద బరువు కాదు. కానీ ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్, అంటే లైన్లో వచ్చే కరెంటులాంటిదే ఇచ్చేది, అయి ఉండాలి. స్క్వేర్‌వేవ్ మీద ఈ మోటార్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. ఇన్వర్టర్ లేకపోతే కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తగిలించండి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, అందుకే వేసవి కోతలు చలికాలం కోతలకంటే ప్రమాదం.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు వచ్చేటప్పుడు ఎఫ్‌ఎక్స్6 తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా? – గుంటూరు

తేవద్దనండి. అక్కడి మోడల్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసింది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు తగ్గుతాయి గానీ హెర్ట్జ్ మారదు. చాలా క్యానిస్టర్ మోటార్లు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతాయి. 60కి చేసినదాన్ని 50 మీద నడిపితే వేగం ఆరో వంతు తగ్గి, కాయిల్ కూడా ఎక్కువ వేడెక్కుతుంది. పైగా ఆ మోడల్‌కు ఇక్కడ వారంటీ ఎవరు చూస్తారు?

దుబాయ్ నుంచో లండన్ నుంచో వచ్చేవాళ్లెవరైనా ఉంటే అది వేరు. అక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడు చదరపు పిన్నుల ప్లగ్‌కు అడాప్టర్ పెడితే చాలు. తెప్పించేదే అయితే స్పేర్ ఇంపెల్లర్ ఒకటి, మూతకు సరిపడే ఓ-రింగ్ ఒకటి అదే పెట్టెలో వేసి పంపమనండి. ఇక్కడ ఆ రెండింటి కోసమే ఎక్కువ తిరగాల్సి వస్తుంది.