ఇంగ్లండ్‌లో లిస్టెడ్ కాటేజీ (కాపాడాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉన్న ఇల్లు) కొంటే కిటికీ మార్చడానికీ అనుమతి కావాలా? ఇంత అతి దేనికి?

అతి కాదండీ, అవసరం. ససెక్స్‌లో అలాంటి కాటేజీలోనే అద్దెకున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కిటికీలే కాదు, లోపలి మెట్లు, తలుపులు, పాత పొయ్యి కూడా లిస్టింగ్ కిందికే వస్తాయి. ఇంటి స్వరూపం మారే పని ఏదైనా స్థానిక కౌన్సిల్ అనుమతి లేకుండా చేస్తే నేరమే.

ఎందుకో తెలియాలంటే ససెక్స్‌లోనే ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊళ్లో ఉన్న క్లర్జీ హౌస్ చూడాలి. ఇండియా నుంచి చుట్టాలొస్తే మనవాళ్లు లండన్ ఐ చూపించి పంపేస్తారు, నాకది చాలా బాధ. నేను మా అమ్మను ఇక్కడికే తీసుకెళ్లాను. 14వ శతాబ్దపు ఇల్లు. ఓక్ దూలాల చట్రం, మధ్యలో తడికలు కట్టి మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. నడి హాల్లో తలెత్తితే కప్పు దాకా అంతా ఖాళీయే. మొదట్లో పొగగొట్టం లేదు, నేలమీదే మంట వేసుకునేవారు.

అమ్మ వంగి నేలను తడిమి చూసింది. సుద్దను దిమ్మిసతో కొట్టి, పుల్లబడ్డ పాలు పోసి గట్టిపరిచారని అక్కడున్న వాలంటీరు ఆవిడ చెప్పింది. "మన మిద్దెకి గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లు, ఆవిడకి చెప్పు" అంది అమ్మ. చెప్పాను. ఇక ఇద్దరూ వదల్లేదు. సున్నం ఎన్నాళ్లు నానబెట్టాలి, పగుళ్లు ఎలా పూడ్చాలి అని ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. నేను మాటలు అందిస్తూ నిలబడ్డాను.

ఆ ఇంటిని 19వ శతాబ్దం చివర్లో కూల్చేద్దామనుకున్నారు. 1896లో పాత కట్టడాలనూ ప్రకృతి అందాలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని 10 పౌండ్లకు కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం అదే. బాగుచేయడానికి అంతకు ఎన్నో రెట్లు కావాల్సొస్తే ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్ చందాలు అడిగింది. ఇలాంటి మామూలు ఇళ్లను కాపాడే చట్టం అప్పట్లో లేదు. లిస్టింగ్ 1940ల్లో వచ్చింది. కోటలను ఎవరైనా కాపాడతారు, రైతు ఇంటికే చట్టం అండ కావాలి.

పాత ఇంటికి అసలు శత్రువు సిమెంటు. సున్నం, మట్టి గోడలు తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతాయి. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి దూలాలు కుళ్లుతాయి. నేనున్న కాటేజీకి ఎవరో మేస్త్రీ అదే చేశాడు. చలికాలమంతా పడకగది గోడ చెమ్మే. మందపాటి పెయింట్ వేస్తే పోతుందన్నారు. పోలేదు.

కొనేముందు రెండు విషయాలు చూడండి. ఇంటి పరిస్థితిని పరీక్షించే సర్వేయరు పాత కట్టడాలు తెలిసినవాడై ఉండాలి. పాత యజమానులు చేసిన మార్పులన్నిటికీ అనుమతి కాగితాలు ఉన్నాయో లేదో మీ సొలిసిటర్‌తో (కొనుగోలు పని చూసే లాయరుతో) చూపించుకోండి. లేకపోతే వాటిని సరిచేయమని కౌన్సిల్ మిమ్మల్నే అడగొచ్చు, ఎన్నేళ్లు గడిచినా సరే.