తల్లికి వందనం: జమ అయిందంటారు, పాస్‌బుక్‌లో లేదు

ప్రశ్న: బట్టల షాపులో పనిచేస్తాను. మా ఆయనది సొంత ఆటో. పిల్లలిద్దరూ బడికెళ్తున్నారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఏపీ ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బు జమ అయిందని సచివాలయంలో చెప్పారు, నా ఖాతాలో మాత్రం పడలేదు. ఆటో ఉండటమే అడ్డా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆటో అడ్డు కాదమ్మా. కారు ఉంటేనే ఇబ్బంది. ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది. ఒక్కొక్కరికి 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 చొప్పున, ఇద్దరికీ 26,000 రావాలి.

ఈ డబ్బు ఖాతా నంబరు చూసి కాదు, తల్లి ఆధార్ చూసి వెళ్తుంది. ఆధార్‌ను ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) చివరగా ఏ బ్యాంకుకు మ్యాప్ చేశారో, అంటే జోడించారో, అందులోనే పడుతుంది. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకో ఉపాధి కూలీకో తెరిచి మరిచిపోయిన ఖాతా కావచ్చు. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగినై ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కండి. బ్యాంకు పేరు, పక్కనే యాక్టివ్ అనో ఇన్‌యాక్టివ్ అనో కనిపిస్తుంది. యాక్టివ్ అయితే ఆ బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ వేయించండి.

ఇన్‌యాక్టివ్ అయితే డబ్బు వెనక్కి వెళ్లి ఉంటుంది. ఇప్పుడు వాడే బ్యాంకులో ‘ఆధార్ లింక్ చేయండి’ అంటే చాలామంది కేవైసీ (ఖాతాదారు గుర్తింపు నమోదు) మాత్రమే చేసి పంపేస్తారు, తప్పు జరిగేది అక్కడే. ‘డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్’ అని అడిగి, సమ్మతి పత్రంపై సంతకం చేయండి. స్టేటస్ మారాక ఆ కాపీతో సచివాలయంలో ఫిర్యాదు నమోదు చేయించి, రసీదు తప్పక తీసుకోండి.