అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్ ఎఫెక్టులు పోయాయా? ముందు తెర ఎవరు గీస్తున్నారో చూడండి

విజయనగరం నుంచి మీరు అడిగింది ఇదీ. లినక్స్ మింట్ సిస్టమ్, దాని మీద సినమన్ డెస్క్‌టాప్, ఎన్‌విడియా జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత మెషీను. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశాక మెనూల నీడలు, విండోలు తెరుచుకునేటప్పటి కదలికలు పోయాయి. విండో లాగితే ముక్కలుముక్కలుగా వస్తోంది, ఫ్యాను ఆగట్లేదు. ఎఫెక్ట్స్ సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా లాభం లేకపోయింది, మొత్తం ఫార్మాట్ కొట్టేయమంటారా అని.

కొట్టకండి. అచ్చం ఇదే కార్డుతో నాకూ ఇదే జరిగింది.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మాది చిన్న డీటీపీ షాపు. మాఘమాసం, పెళ్లి కార్డులు గుట్టలుగా ఉన్నాయి. పొద్దున్నే మెషీన్ ఆన్ చేసిన కుర్రాడు పిలిచాడు, "అన్నా, ఇదేటి, నాను మౌసు ముందుకి తోస్తంటే విండో ఎనకాల వస్తంది!" వెళ్లి చూశాను. డిజైన్లు గీసే ఇంక్‌స్కేప్‌లో లగ్నపత్రిక తెరిచి ఉంది. పట్టుకుని పక్కకి లాగితే తడిసిన గోనెసంచిని ఈడ్చినట్టు వస్తోంది. రామభద్ర ఫాంటులో వేసిన పెళ్లికూతురి పేరు సగం పాతచోటే ఉండిపోయి, ఒక క్షణం తర్వాత మిగతా సగాన్ని వచ్చి కలుస్తోంది. సిస్టమ్ మానిటర్ తెరిస్తే ప్రాసెసర్ నాలుగు కోర్లూ వందకి తగులుతున్నాయి.

నేనూ మీలాగే మొదట ఎఫెక్ట్స్ సెట్టింగుల మీద పడ్డాను. తర్వాత సినమన్ సెట్టింగులన్నీ తుడిచేశాను, ప్యానెల్ మీద పెట్టుకున్నవన్నీ పోయాయి. సాయంత్రం దాకా అలాగే గడిచింది, రెండు పెళ్లి కార్డుల పని ఆగిపోయింది. మీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎఫెక్టులు చెడిపోలేదు. వాటిని గీయాల్సిన గ్రాఫిక్స్ కార్డు పనిలోకి రాలేదు. కార్డు రాకపోతే లినక్స్ తెరని నల్లగా వదిలేయకుండా మీసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలో ఉండే ఎల్ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ రెండరర్‌కి (తెర మీద బొమ్మ గీసే ప్రోగ్రాంకి) ఆ పని అప్పగిస్తుంది. అంటే ప్రతి నీడనీ, ప్రతి కదలికనీ ప్రాసెసరే లెక్కగట్టి గీస్తుంది. ఫ్యాను అరిచేది అందుకే. లాగిన్ అవగానే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ లేదని సినమన్ ఒక మూల చిన్న నోటీసు కూడా పెడుతుంది, మనం చూడకుండా మూసేస్తాం.

ఇది తేల్చుకోవడానికి ఒక్క కమాండు చాలు. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోండి. టెర్మినల్‌లో జీఎల్ఎక్స్ఇన్ఫో అని ఒకే మాటగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి బి కొట్టండి (ఈ బి ఒక్కటీ పెద్దక్షరం). వచ్చిన వాటిలో ఓపెన్‌జీఎల్ రెండరర్ అన్న లైను వెతకండి. అక్కడ మీ కార్డు పేరు ఉండాలి. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే దొంగ దొరికినట్టే, ఇక ఎఫెక్ట్స్ సెట్టింగుల జోలికి పోకండి.

అప్‌డేట్‌తో ఇది ఎందుకొస్తుందంటే, ఎన్‌విడియా డ్రైవర్‌లో కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయకి) అతుక్కునే ముక్క, అంటే కెర్నల్ మాడ్యూల్, ఏ కెర్నల్‌కి ఆ కెర్నల్‌కి విడిగా తయారవ్వాలి. ఆ పని డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం చేస్తుంది. అది చేయాలంటే ఆ కెర్నల్‌కి సంబంధించిన హెడర్స్ (మాడ్యూల్ తయారీకి కావలసిన ఫైళ్లు) మెషీన్‌లో ఉండాలి. అంతకు కొన్ని నెలల ముందు డిస్కు నిండిపోతోందని హెడర్స్ ప్యాకేజీలు అనవసరం అనుకుని నేనే తీసేశాను. అప్పటికి ఏమీ కాలేదు. కొత్త కెర్నల్ వచ్చిన రోజు దానికి మాడ్యూల్ తయారవలేదు. పైగా ఎన్‌విడియా ప్యాకేజీ వేసినప్పుడే నూవో డ్రైవర్‌ని (ఎన్‌విడియా కార్డులకి లినక్స్‌తో వచ్చే ఉచిత డ్రైవర్‌ని) బ్లాక్‌లిస్టులో, అంటే వాడకూడని వాటి జాబితాలో పెట్టేస్తుంది కాబట్టి అదీ ఆదుకోదు.

ముందు మీ పని ఆగకుండా చూసుకోండి. మెషీన్ ఆన్ అవుతుంటే షిఫ్ట్ నొక్కి పట్టండి, యూఈఎఫ్ఐ మెషీనైతే ఎస్కేప్ నొక్కండి. గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో అడిగే తెర) వస్తుంది, దాంట్లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. దాంట్లో ఎఫెక్టులు మామూలుగా వచ్చేస్తే రోగం కచ్చితంగా ఇదే. ఆ రాత్రి నేను పాత కెర్నల్‌తోనే పెళ్లి కార్డులు ముగించి, మర్నాడు తీరిగ్గా బాగుచేసుకున్నాను.

బాగుచేసేది ఇలా. కొత్త కెర్నల్‌లోకి వచ్చి యునేమ్, ఒక ఖాళీ వదిలి హైఫన్ ఆర్ కొడితే దాని పూర్తి పేరు వస్తుంది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ తర్వాత లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్ అని ఖాళీల్లేకుండా రాసి, ఆ పేరు చేర్చి ఎంటర్ కొట్టండి. హెడర్స్ దిగగానే డీకేఎంఎస్ తనంతట తనే మాడ్యూల్ తయారుచేస్తుంది. మా మెషీన్‌లో నాలుగైదు నిమిషాలు పట్టింది, మధ్యలో ఆపకండి. అయ్యాక డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి చూడండి. కొత్త కెర్నల్ పేరు పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి. ఉత్త యాడెడ్ అని ఉంటే తయారవలేదని అర్థం.

అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు గానీ పోయి ఉంటే వీటన్నిటికంటే ముందు సుడో డీపీకేజీ, రెండు హైఫన్లు కాన్ఫిగర్, హైఫన్ ఏ కొట్టండి. సగంలో ఆగిన ప్యాకేజీలని అది పూర్తిచేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు, అప్పుడు కొన్నాం ఇన్వర్టరు. అది లేనిదే అప్‌డేట్ మొదలుపెట్టను, మీరూ పెట్టకండి.

ఇన్‌స్టాల్డ్ అని ఉండి కూడా కార్డు రాకపోతే సెక్యూర్ బూట్ చూడండి. అది ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర మీద అదే అడుగుతుంది. చాలామంది అక్కడ కంగారుపడి కంటిన్యూ కొట్టేస్తారు. ఎన్‌రోల్ మోక్ (ఆ సంతకం తాళంచెవిని నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వాలి. అదీ కుదరకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయండి.

డ్రైవర్ మేనేజర్‌లో 470 ఎంచుకోండి. జీటీ 710 కెప్లర్ తరం కార్డు, దానికి ఆఖరి డ్రైవర్ వరస అదే. కొత్త నంబరు కదా అని 535 వేస్తే అది మీ కార్డుని గుర్తించదు. ఎన్‌విడియా సైటులోంచి డౌన్‌లోడ్ చేసి చేత్తో వేయమని ఎవరైనా చెబితే వినకండి. అలా వేసింది ఆప్ట్ (ప్యాకేజీలు దించి వేసే ప్రోగ్రాం) లెక్కలో ఉండదు, తర్వాత కెర్నల్ మారిన రోజు మళ్లీ ఇక్కడికే వస్తారు.

రెండరర్ లైనులో కార్డు పేరే ఉండి ఎఫెక్టులు మాత్రం రాకపోతే అప్పుడు సెట్టింగుల సంగతి. వాటిని తుడిచేముందు కొత్త యూజర్ అకౌంటు ఒకటి తయారుచేసి దాంట్లో లాగిన్ అయి చూడండి. అక్కడ బాగుంటే తేడా మీ అకౌంటులోని సెట్టింగుల్లో ఉంది.

రెండరర్ లైనూ, డీకేఎంఎస్ స్టేటస్ లైనూ ఇక్కడ పెట్టండి. రాత్రి షాపు కట్టేశాక చూసి చెప్తాను.